పీరా నల్ల తెర

పీరా కంప్యూటర్ తెర మీద ఏమీ ఉండదు. ఆయన గురించి ఇంతకంటే ముందు చెప్పవలసింది లేదు. తను అడగనిది ఏదీ తెర మీదికి రాకూడదన్నది ఆయన పట్టుదల. బొమ్మలు రాకూడదు. మెనూ రాకూడదు. గడియారం రాకూడదు. మెషీన్ ఆన్ చేస్తే తెర నల్లగా వెలిగేది. నలుపు వెలగడం నేను అక్కడే చూశాను.

మా ఆఫీసు సీతాఫల్‌మండిలో, రైలు పట్టాల పక్కన, ఒక పాత మేడ మీద ఉండేది. పంచాంగాలు, చర్చి క్యాలెండర్లు, రంజాన్ నెలలో సహరీ, ఇఫ్తార్ వేళల కార్డులు కంపోజ్ చేసేవాళ్ళం. నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. పీరా కంపోజింగ్ చేస్తూ, కంప్యూటర్ల మంచిచెడ్డలు కూడా చూసుకునేవాడు. జంట నగరాల్లో సగం మందికి రాహుకాలం ఎప్పుడో చెప్పే మనిషి ఎదుట టైమెంతో చెప్పే గడియారం లేదు.

"టైమెంత పీరా?" అని అడిగితే ఏవో రెండు మూడు అక్షరాలు కొట్టేవాడు. నలుపులో ఒక మూల టైము తేలేది. చదివి చెప్పేవాడు. వెంటనే చెరిపేసేవాడు.

"అట్లనే ఉంచితే ఏమైతది?"

"ఊకె చెప్పుకుంట కూసుంటది ప్రూఫ్ సాబ్. అడిగితే చెప్తది గదా."

ఏమడిగినా ఆయన జవాబు ఇదే. అడిగితే చెప్తది.

మనందరి కంప్యూటర్లలోనూ డెస్క్‌టాప్ అని ఒకటి ఉంటుంది. దాని మీద బొమ్మలుంటాయి. కింద ఒక పట్టీ ఉంటుంది. ఆ పట్టీ మీద గడియారం, బ్యాటరీ, ఎవరో మెసేజ్ పెట్టారన్న కబురు. పీరా అదంతా పెట్టుకోలేదు. లినక్స్ అనే సిస్టమ్ మీద, విండోలను పక్కపక్కన పరిచే టైలింగ్ విండో మేనేజర్ అనే ప్రోగ్రామ్ ఒక్కటే నడిపేవాడు. ఒక విండో తెరిస్తే అది తెరంతా దానికే ఇస్తుంది. రెండోది తెరిస్తే చెరి సగం. మూడోది వస్తే రెండో సగాన్ని మళ్ళీ కోస్తుంది. నేల మీద బండలు పరిచినట్టు. ఒకదాని మీద ఒకటి ఎక్కదు, ఒకదాని వెనక ఒకటి దాక్కోదు. అన్నీ కీబోర్డు మీదే. పీరా టేబుల్ మీద మౌస్ ఎన్నడూ లేదు.

ఒక విండో మూస్తే మిగిలినవి చప్పుడు చెయ్యకుండా సాగి ఆ ఖాళీలోకి వచ్చేవి. చావింట్లో వరసలో ఒకరు లేచి వెళ్తే పక్కవాళ్ళు జరిగినట్టు. కొన్నాళ్ళకు నేను అటు చూడటం మానేశాను.

బోయిన్‌పల్లి నుంచి ఎలీసబెతమ్మ గారు తమ చర్చి క్యాలెండర్ పని మీద వచ్చేవారు. మొదటిసారి వచ్చినప్పుడు పీరా పక్కన నిలబడి తెర వైపు చాలాసేపు చూశారు.

"కరెంట్ పోయిందా నాయనా?"

"లేదమ్మా."

ఆమె తలెత్తి చూశారు. ఫ్యాన్ తిరుగుతోంది. "మరి నువ్వేం చూస్తున్నవు?"

"ఏం చూస్తలేను. ఇంక ఏం తెరవలే."

ఆమె పెన్‌డ్రైవ్ ఇచ్చారు. పీరా పెట్టాడు. ఇతర కంప్యూటర్లయితే టింగుమంటాయి, ఏమేం వచ్చాయో ఒక పెట్టె తెరిచి చూపిస్తాయి. ఇక్కడ నలుపు నలుపుగానే ఉంది. ఇద్దరూ దాన్ని చూస్తూ ఉన్నారు. ఆమె పెదవులు కదలడం మొదలైంది. ప్రార్థన.

"మింగిందా నాయనా?"

"మింగలే అమ్మా. మనం అడగలే. అడిగితే చెప్తది."

ఒక వాక్యం కొట్టాడు. ఆ నల్లటి లోతులోంచి గొర్రెపిల్లను మోస్తూ కాపరి ఒక్కసారిగా తెరంతా నిండిపోయాడు. ఎలీసబెతమ్మ గారు వెనక్కి నడిచి నా ప్రూఫుల కట్ట మీద కూర్చున్నారు. ఆ తరవాత పెన్‌డ్రైవ్ వాచ్‌మన్‌తో పైకి పంపి, తాను మెట్ల కిందే నిలబడేవారు.

పద్మారావు నగర్ సిద్ధాంతి గారి సంగతి ఇంకో రకం. పంచాంగం రాసేది ఆయన. పేజీలు చూపించడానికి పీరా లాప్‌టాప్ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాడు, నేనూ వెళ్ళాను. సిద్ధాంతి గారు రాశిఫలాలు పైకి చదువుతున్నారు. మేషం అయింది, వృషభం అయింది, మిథునం అయింది. "కర్కాటక రాశి వారికి ఈ సంవత్సరం" అన్నారు. తెర ఆరిపోయింది. చప్పుడు లేదు, హెచ్చరిక లేదు. సిద్ధాంతి గారిది కర్కాటక రాశి.

ఆయన కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమైందయ్యా?" అన్నారు సన్నగా.

"చార్జింగ్ అయిపోయింది సార్."

"ముందుగా చెప్పదా?"

"అడిగితే చెప్తుండె సార్."

ఆ ఏడాది సిద్ధాంతి గారు గుమ్మం దాటలేదని చెప్పుకున్నారు. దాటారట, కానీ కుడికాలు పెట్టి, మనవరాలి చెయ్యి పట్టుకుని.

ఇంట్లోనూ ఇదే పద్ధతి. పీరా భార్య జైతున్ బీ ఒకసారి ఆఫీసుకొచ్చినప్పుడు నాతో చెప్పింది. కంచంలో సగం అన్నం. మిగతా సగంలో పప్పు. కూర వస్తే పప్పు జరిగి సగం చోటిస్తుంది. ఒకదాని మీద ఒకటి పడకూడదు.

"నాకు వేరే తక్లీఫ్ ఏం లేదు సార్," అంది. "పచ్చడి వెయ్యాలంటేనే భయమైతది. అది వేస్తే అన్నీ జరగాలె."

ఆయన పిచ్చి ఆయన టేబుల్ దాటనంత కాలం మాకు నవ్వుకోవడానికే పనికొచ్చింది. అది దాటడానికి కారణం గోడ మీది టీవీ.

పంచాంగం పేజీల్లో గళ్ళు సర్దేది కాంతమణి గారు. మా అందరికంటే ముందునుంచీ ఉన్న మనిషి. తిథి, వారం, నక్షత్రం, వర్జ్యం, అన్నీ వరసలుగా నిలబడాలి. ఆమె సర్దిన గీతలు దారం పట్టి గీసినట్టు ఉండేవి. ఆమె కంప్యూటర్‌లోది గోడ మీది పెద్ద టీవీలోనూ కనిపించేది. సాయంత్రం ఓనర్ రామభద్రరావు గారు, నేను, బొమ్మలు వేసే అఫీఫా టీవీ ఎదుట కూర్చుని తప్పులు చెప్పేవాళ్ళం. కాంతమణి గారు మా వెనక మూలన కూర్చుని సరిచేసేవారు.

ఒక కార్తీకంలో ఆ టీవీ మీద మౌస్ బాణం వణకడం మొదలుపెట్టింది.

ఒకచోట నిలిపితే నిలిచేది కాదు. తిథుల మీద సన్నగా అదిరేది. అమావాస్య గడిలో ఆగి, అక్కడే అదురుతూ ఉండేది. రైలు వచ్చినప్పుడు మేడ అదురుతుంది కనక రైలే అనుకున్నాం. రైలు వెళ్ళిపోయేది. బాణం ఆగేది కాదు.

"ఏందిది," అంది అఫీఫా. "దీనికి సలి పెడ్తుందా?"

మౌస్ మార్చారు. వైరు మార్చారు. చివరికి కంప్యూటరే మార్చారు. కొత్తదాంట్లోనూ వణికింది. రామభద్రరావు గారు దానికి నిమ్మకాయ కట్టించారు. అఫీఫా వాళ్ళ అమ్మమ్మతో దువా చదివించి ఒక తాయెత్తు తెచ్చింది. ఎలీసబెతమ్మ గారు సంగతి విని మెట్ల కిందినుంచి ప్రార్థించిన నూనె పంపారు. కాంతమణి గారు అన్నీ కట్టనిచ్చారు, నూనె కూడా రాయనిచ్చారు.

"ఈ సీట్ల మీకంటే ముందు ఎవరు కూసుంటుండె మేడం?" అని అడిగింది అఫీఫా.

"నేనే."

"అంతకు ముందు?"

"అంతకు ముందు సుత నేనే."

అఫీఫా తన కుర్చీ కొంచెం దూరం జరుపుకుంది.

ఇక్కడ మా ఆఫీసు ఆచారం ఒకటి చెప్పాలి. రామభద్రరావు గారు మంచి మనిషి. ఎవరినీ పొమ్మనలేరు. ఎవరి కన్నో, నడుమో పనికి సహకరించడం లేదని ఆయనకు తెలిస్తే వాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి, శాలువా కప్పుతారు. మర్నాటి నుంచి వాళ్ళు రానక్కర్లేదు. శాలువాలు ఇనప బీరువాలో ఉండేవి. ఆ తలుపు కిర్రుమంటే ఆఫీసులో కీబోర్డులన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి.

ఒక సోమవారం మేం వచ్చేసరికి అన్ని తెరలూ నల్లగా ఉన్నాయి. ఏ టేబుల్ మీదా మౌస్ లేదు. పీరా ఆదివారం వచ్చి అందరి కంప్యూటర్లనూ తన కంప్యూటర్‌లా మార్చేసి పోయాడు.

"నా మౌస్ ఏది పీరా భాయ్?" అంది అఫీఫా.

"డబ్బాల ఉన్నది."

"డబ్బా ఏది?"

"బీరువాల."

ఎవరూ లేవలేదు.

"మమ్మల్ని అడగొద్దా? ఎప్పుడు చూసినా అడుగుడు అడుగుడు అంటవు."

"అడిగితే వద్దంటుంటిరి," అన్నాడు పీరా.

రామభద్రరావు గారు వచ్చి ఈ నల్ల తెరల వరసను చూసి గుమ్మంలోనే ఆగారు. "ఏమిటిది పీరా?"

"బాణం లేకపోతే వణుకుడు లేదు సార్."

ఆయన చాలాసేపు ఆలోచించారు. "అంటే దానికి నివాస స్థానం లేకుండా చేశావన్న మాట."

పీరా అవునని అనలేదు, కాదని అనలేదు. ఓనర్ గారు తృప్తిగా లోపలికి వెళ్ళారు.

తరవాతి నెలలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. పేజీని చేత్తో గీయడం పోయింది, మాటలతో చెప్పడం వచ్చింది. తెరలో ఒక సగంలో మనం రాయాలి, రెండో సగంలో పేజీ తనంతట తాను తయారవుతుంది. దీపం బొమ్మను అంగుళం పక్కకు జరపాలంటే అఫీఫా దానికి అర్జీ పెట్టుకున్నట్టు రాయవలసి వచ్చేది. ఒక తప్పు కీ నొక్కితే పేజీ మొత్తం మాయమయ్యేది.

"సచ్చిందా భాయ్?"

"సావలే. ఇంకో దిక్కు ఉన్నది. అడుగు."

"ఏమని అడగాలె? యాడున్నవమ్మా అనా?"

ట్యూబ్‌లైటు వేస్తే నల్ల తెరల్లో మా ముఖాలే కనిపించేవి. ముఖం వెనక ఎవరు నడిచినా కనిపించేది. వెనక ఎవరూ లేకపోయినా తిరిగి చూసేవాళ్ళం. అందుకని ట్యూబ్‌లైటు ఆర్పేశాం. అప్పుడు ఇంకా భయంగా ఉంది. చీకటి గదిలో వరసగా మనుషులు, కదలని తలలు, కదిలే వేళ్ళు. మౌస్ టిక్కుమనే చప్పుడు కూడా లేదు. చాయ్ తెచ్చే మనిషి గ్లాసులు గడప మీద పెట్టి పోయేవాడు. దయ్యాల ఆఫీసు ఎక్కడంటే సీతాఫల్‌మండిలో ఎవరైనా చూపించేవారు. ఒక పిల్లి రోజూ కిటికీలోకి వచ్చేది. అదీ మానేసింది.

కానీ టీవీ మీద వణుకు పోయింది. కాంతమణి గారి గళ్ళు మళ్ళీ దారం పట్టినట్టు నిలబడ్డాయి. దయ్యాన్ని వెళ్ళగొట్టిన ఆఫీసు మాదని రామభద్రరావు గారు చెప్పుకోని చోటు లేదు.

అలా ఉండగా సత్యదేవ్ వచ్చాడు. బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల టోకు వ్యాపారి. వాళ్ళ సంఘం క్యాలెండర్ మా ఆఫీసులో అన్నిటికంటే పెద్ద పని. ఎప్పుడూ ఫోన్లోనే మాట్లాడేవాడు, ఆ ఏడాది స్వయంగా మెట్లెక్కాడు. గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించాడు.

"ఎవరు పోయిన్రు?"

"ఎవరూ పోలేదండీ, రండి," అన్నారు రామభద్రరావు గారు.

"మరి గిట్ల కూసున్నరేంది?"

ఆయన లోపలికి రాలేదు. గడప అవతలి నుంచే చెప్పాడు. "మాది శుభమా అని ఏడాది పొడుగూత గోడకు ఏలాడే క్యాలెండర్. ఈ చీకట్ల చేస్తే మా టమాటలు సుత నల్లగ పడ్తయి. మౌస్‌లు పెట్టుండ్రి, తెరల మీద బొమ్మలు పెట్టుండ్రి, మనుషుల లెక్క కూసుండుండ్రి. లేకుంటే నేను ఇంకో తాన చూస్కుంట."

రేపటి నుంచి అన్నీ మామూలేనని రామభద్రరావు గారు మాట ఇచ్చేశారు. సత్యదేవ్ చెప్పులు వేసుకుని దిగిపోయాడు. అఫీఫా కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంది.

పీరా లేచి నిలబడ్డాడు. "వద్దు సార్."

"నీకు అక్కర్లేకపోతే నీకు మానెయ్. మిగతా వాళ్ళకు పెట్టు."

"ఎవరికీ వద్దు సార్."

"ఎందుకు?"

పీరా తన కీబోర్డును కొంచెం సర్దాడు.

"నువ్వే అంటావుగా, అడిగితే చెప్తుందని. అడుగుతున్నాను. ఎందుకు వద్దు?"

పీరా నేల చూస్తున్నాడు. రైలొకటి వెళ్ళింది. మేడ అదిరి ఆగింది. ఆయన్ని ఎరిగిన ఇన్నేళ్ళలో అడిగినా చెప్పకపోవడం అదే మొదటిసారి చూడటం.

రామభద్రరావు గారి ముఖంలో కోపం లేదు. బాధ ఉంది. అది మాకు తెలిసిన బాధే. ఆయన లేచి బీరువా దగ్గరికి వెళ్ళారు. తలుపు కిర్రుమంది. కీబోర్డులన్నీ ఆగాయి.

"ఆ కుర్చీ ఇటు వెయ్యండి," అన్నారు.

ఎవరూ వెయ్యలేదు. పీరాయే తన కుర్చీ లాక్కొచ్చి గది మధ్యలో వేసుకుని కూర్చున్నాడు. మెడ వంచాడు. రామభద్రరావు గారు శాలువా మడత విప్పారు. పీరా ఎంత నిజాయితీపరుడో, పంచాంగానికి ఎంత సేవ చేశాడో చెప్పడం మొదలుపెట్టారు. ఇంట్లో ఎవరో పోయినప్పుడు చెప్పే మాటలే అవి.

అప్పుడు కాంతమణి గారు లేచారు. తెరిచి ఉన్న బీరువాలోంచి డబ్బా తీశారు. అందులోంచి ఒక మౌస్ తీసుకుని వెళ్ళి తన కంప్యూటర్‌కు పెట్టారు. గోడ మీద, టీవీ నలుపులో, తెల్ల బాణం ఒకటి పుట్టింది. పుట్టి వణకసాగింది.

రామభద్రరావు గారి మాట మధ్యలో ఆగింది. అఫీఫా నా మోచెయ్యి పట్టుకుంది. మేమంతా గోడ వైపే చూస్తున్నాం.

"గోడ దిక్కు కాదు," అన్నారు కాంతమణి గారు. "ఇటు చూడుండ్రి."

చూశాం. మౌస్ మీద ఆమె కుడిచెయ్యి. గాలికి ఆకు కదిలినట్టు అదురుతోంది. ఇన్నాళ్ళూ ఆమె మా వెనకే ఉన్నారు. మాలో ఒక్కరం మెడ తిప్పలేదు.

"దయ్యం గియ్యం ఏం లేదు సార్," అన్నారామె. "నేనే."

ఆమే చెప్పారు. "డాక్టరు ఏదో పేరు చెప్పిండు. చెయ్యి ఊకుంటే వణుకుతది. పనిల పెడ్తే ఆగుతది. మౌస్ పట్టుకునుడంటే ఊకుండుడే గదా. కీబోర్డు మీద మంచిగనే నడుస్తది."

"పీరా భాయ్‌కి మీరు చెప్పిన్రా మేడం?" అంది అఫీఫా.

"నేను చెప్పలే. ఆయన అడగలే. ఒకదినం వెనకకు తిరిగి నా చెయ్యి చూసిండు. ఆదివారం వచ్చి అందరి మౌస్‌లు తీసిండు. నా ఒక్కదానిది తీస్తే మీకు తెలుస్తది గదా."

పీరా ఇంకా మెడ వంచుకునే ఉన్నాడు. చెయ్యని నేరం ఒప్పుకున్నవాడిలా కాదు, చేసిన నేరం బయటపడ్డవాడిలా.

రామభద్రరావు గారు శాలువా చేతుల్లో పట్టుకుని నిలబడిపోయారు. పీరాను చూశారు. కాంతమణి గారిని చూశారు. నా వైపు తిరిగారు.

"ఈ నెలలన్నీ ఆమె పేజీల్లో తప్పులు ఎలా ఉన్నాయి?"

"దిద్దడానికి నాకు ఏమీ దొరకలేదు సార్."

ఆయన ఇంకాసేపు నిలబడ్డారు. విప్పిన శాలువాను మళ్ళీ మడవడం మా ఆఫీసు చరిత్రలో లేదు. ఎవరికి కప్పాలో ఆయనకు తోచలేదు. చివరికి, "కాస్త చలిగా ఉంది," అని తనే కప్పుకున్నారు.

"అయితే రేపటి నుంచి సార్ రానక్కర్లేదా?" అంది అఫీఫా నాతో, గుసగుసగా అనుకుని, గదంతా వినిపించేలా.

మొదట నవ్వింది కాంతమణి గారు. తరవాత ఎవరెవరు నవ్వారో చీకట్లో తెలియలేదు. రామభద్రరావు గారు శాలువాలోనే సత్యదేవ్‌కు ఫోన్ చేశారు. మౌస్‌లు అందరికీ కుదరవు, బొమ్మలు కుదరవు, ట్యూబ్‌లైటు మాత్రం వేస్తాం అన్నారు. అవతలి మాట మాకూ వినిపించింది.

"లైటేస్తే చాలు. టమాటలు ఎర్రగ రావాలె, గంతే."

దాచవలసింది ఏమీ మిగల్లేదు కనక కావలసినవాళ్ళు మౌస్ తీసుకోవచ్చని పీరా అన్నాడు. అఫీఫా అందరికంటే ముందు తీసుకుంది.

"కీబోర్డు సుత సక్కగ చెయ్యి భాయ్. ఒక అక్షరం ఎంబడెంబడి రెండుసార్లు కొడితే పడ్తలేదు. ఎన్ని దినాల సంది మొత్తుకుంటున్న."

"అది కాంతమణి అక్క కోసం పెట్టింది," అన్నాడు పీరా.

వేలు అదిరితే ఒకే కీ రెండుసార్లు పడుతుంది. అందుకని ఒక అక్షరం పడ్డాక కొంచెం ఆగమనీ, ఆ లోపల పడిన రెండో దెబ్బను పట్టించుకోవద్దనీ కంప్యూటర్‌కు చెప్పాడట. కాంతమణి గారు ఏ సీట్లో కూర్చున్నా ఒకలాగే ఉండాలని అన్నిటికీ అదే చెప్పాడట. అంటే ఇన్ని నెలలూ మేమందరం ఆమె చేతికి సరిపోయే కీబోర్డుల మీద పని చేశాం.

"తీసేస్త," అన్నాడు పీరా.

అఫీఫా తన వేళ్ళు చూసుకుంది. "ఉండనీయి," అంది.

ఉగాది వచ్చింది, పంచాంగం వచ్చింది, టమాటలు ఎర్రగానే పడ్డాయి. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం అఫీఫా పీరా టేబుల్ దగ్గర నిలబడి ఉంది.

"మా ఇంట్ల కంప్యూటర్ ఆగమాగం చేస్తుంది భాయ్. ఈడి అలవాటుతోని నేను మెల్లగ ఒత్తుతున్న, అది ఒక్కదానికి రెండు రెండు కొడ్తుంది. దానికి సుత జెర ఆగుమని చెప్పరాదు?"

పీరా మూలకు చూశాడు. కాంతమణి గారు తల ఎత్తలేదు. ఆమె వేళ్ళు కీబోర్డు మీద తమ దారిన తాము నడుస్తున్నాయి.

"నన్నేం చూస్తవు పీరా," అన్నారు. "పొయ్యి చేసిరా. పిల్ల ఇప్పుడిప్పుడే నిమ్మళం నేర్చుకుంటుంది."